ముందు జరిగిందల్లా కారణమేనా?

ఒక సాఫ్ట్‌వేర్ బృందం తన వెబ్‌సైట్‌ను, అది ఆధారపడిన జాంగో ఫ్రేమ్‌వర్క్ 3.2 నుంచి 4.2కు మార్చిందనుకుందాం. కోడ్‌ను సరిచూసే పరీక్షలన్నీ పాసయ్యాయి. కానీ మూడు నిమిషాల్లో ముగిసేవి ఇప్పుడు ఏడు నిమిషాలు తీసుకుంటున్నాయి. "కొత్త వెర్షన్ వల్లే" అని ఒకరు తేల్చేస్తారు. "పాతదానికే పోదాం" అని మరొకరు తొందరపడతారు. ఇలాంటి అప్‌గ్రేడ్ చేసిన చాలామందికి ఈ మాటలు కొత్తకాదు. తర్కశాస్త్రం శతాబ్దాలుగా కుస్తీపడుతున్న ప్రశ్న వాటిలోనే ఉంది. ముందు జరిగినదాన్ని, తర్వాత జరిగినదానికి కారణమని ఎప్పుడు అనవచ్చు?

కాకి వాలగానే తాటిపండు రాలింది కాబట్టి కాకే రాల్చిందనుకోవడం కాకతాళీయం. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ఈ పొరపాటుకు తావివ్వలేదు. కారణం ఊరికే ముందుంటే చాలదని, కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండి తీరాలని తర్కసంగ్రహంలో చెప్పాడు. దానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో, అది అన్యథాసిద్ధం, అంటే ముందున్నా కార్యానికి నిజంగా అక్కరలేనిది, కూడా కాకూడదని బిగించాడు. న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు ఇక్కడ ఇచ్చే ఉదాహరణ గాడిద. కుండకు మట్టి మోసుకొచ్చింది గాడిదే కావచ్చు. అయినా మట్టి బండిమీద వచ్చినా కుండ తయారవుతుంది. కుమ్మరి తండ్రి లేనిదే కుమ్మరి లేడు, నిజమే. అంతమాత్రాన ఆ తండ్రిని కుండకు కారణమనరు.

అప్‌గ్రేడ్ రోజున ఇలాంటి గాడిదలు చాలా ఉంటాయి. పనిలో పనిగా పైథాన్ వెర్షన్ మారుస్తారు, డేటాబేస్ మారుస్తారు, ఒక్కోసారి పరీక్షలు నడిచే సర్వర్ కూడా మారుతుంది. అన్నీ ఆలస్యానికి ముందు జరిగినవే, అన్నీ అనుమానితులే. ఏది ఉంటే ఆలస్యం ఉంటోంది, ఏది తీసేస్తే పోతోంది అని ఒక్కొక్కటిగా చూడక తప్పదు. అన్వయవ్యతిరేకాలంటే ఇవే. మనకు కనిపించేది ఒకదాని వెంట మరొకటి రావడమే తప్ప వాటిని కలిపే శక్తి కాదని వాదించిన డేవిడ్ హ్యూమ్ కూడా, 1739లో అచ్చయిన తన గ్రంథంలో కారణాలను గుర్తించేందుకు నియమాలు రాయకుండా ఉండలేకపోయాడు. సందేహవాదికైనా పని జరగాలి కదా.

మన బృందం ముందు ఏ పరీక్ష ఎంతసేపు నడుస్తోందో కొలవాలి. పరీక్షలు నడిపే పైటెస్ట్ అనే సాధనం ఈ లెక్క ఎప్పటినుంచో చూపిస్తోంది, జాంగో సొంత రన్నర్‌కూ 5.0 నుంచి ఆ సౌకర్యం ఉంది. కొలిస్తే ఒక తేడా బయటపడుతుంది: యూజర్‌ను సృష్టించే పరీక్షలే నెమ్మదించాయి, మిగతావి ఎప్పటిలాగే ఉన్నాయి. ఇది అన్వయం. యూజర్‌ను సృష్టించినప్పుడల్లా అతని పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేస్తారు, అంటే వెనక్కి విప్పలేని రూపంలోకి మారుస్తారు. అందుకే 4.2ను కదిలించకుండా, అలా హ్యాష్ చేసేటప్పుడు గణనను ఎన్నిసార్లు తిప్పాలో చెప్పే సంఖ్యను ఒక్కదాన్నే పాత విలువకు తేవాలి. పరీక్షలు మళ్లీ మూడు నిమిషాల్లో ముగిస్తే అది వ్యతిరేకం. అప్పుడు గాడిదలన్నీ పక్కకు తప్పుకుంటాయి.

ఆ సంఖ్య చరిత్ర తెలుసుకోదగ్గది. 2012లో జాంగో 1.4 పీబీకేడీఎఫ్2 అనే హ్యాష్ పద్ధతిని తెచ్చినప్పుడు 10,000. 3.2లో 2,60,000. 4.2లో 6,00,000. 2025లో వచ్చిన 5.2లో 10,00,000. కంప్యూటర్ల వేగం పెరిగేకొద్దీ దొంగిలించిన పాస్‌వర్డ్‌లను ఊహించి పట్టేయడం తేలికవుతుంది కాబట్టి, ఆ పనిని కావాలనే భారం చేస్తున్నారు. అంటే ఇక్కడ నెమ్మదితనం లోపం కాదు, రక్షణ.

మరి తప్పెవరిది? ఈ ప్రశ్నే మనల్ని దారి మళ్లిస్తుంది. ఏ కార్యమూ ఒంటరి కారణంతో పుట్టదని, కారణ సామగ్రి అంతా సమకూడినప్పుడే పుడుతుందని నైయాయికులు గట్టిగా చెప్పారు. ఇక్కడి సామగ్రిలో కొత్త సంఖ్య ఒక భాగం మాత్రమే. ప్రతి పరీక్షకు ముందూ కొత్త యూజర్‌ను సృష్టించే సెటప్ కోడ్ రెండోది. అది ఏళ్లుగా అక్కడే ఉంది. ఒక హ్యాష్‌కు సెకనులో ఐదో వంతు పడుతుందనుకుంటే, 2,000 పరీక్షలకు 400 సెకన్లు దానికే పోతాయి. పాత సంఖ్యతో అదే పనికి 173 సెకన్లు. ఆ మూడు నిమిషాలూ వృథాయే, కానీ వాటికి అందరూ అలవాటుపడిపోయారు. కొత్త వెర్షన్ లోపాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని కంటికి కనిపించేంత పెంచింది. కారణాన్ని వెతకడం, దోషిని వెతకడం వేర్వేరు పనులు. దోషి దొరికితే మనసుకు ఊరట కలగవచ్చు, సెటప్ కోడ్ మాత్రం అలాగే ఉండిపోతుంది.

వెర్షన్ వెనక్కి తీసుకెళ్తే ఆలస్యం తగ్గుతుంది. దాంతోపాటు వాడుకరుల పాస్‌వర్డ్‌లకు అందిన రక్షణా తగ్గుతుంది. పరీక్షల తొందరకు ఆ మూల్యం చెల్లించడం అన్యాయం. సరైన మార్గాలు వేరే ఉన్నాయి. జాంగో 1.8 నుంచి ఉన్న సెటప్‌టెస్ట్‌డేటాతో ఒక తరగతిలోని పరీక్షలన్నిటికీ యూజర్‌ను ఒక్కసారే సృష్టించవచ్చు. 1.9లో వచ్చిన ఫోర్స్‌లాగిన్ పాస్‌వర్డ్‌ను సరిచూడకుండానే యూజర్‌ను లోపలికి పంపుతుంది. పరీక్షల సెట్టింగుల్లో మాత్రమే ఎండీ5 వంటి తేలిక హ్యాషర్ పెట్టుకోమని జాంగో పత్రాలే సూచిస్తాయి.

ఆ చివరి మార్గంలో మరో ప్రశ్న ఉంది. పరీక్ష ఒక ప్రమాణం, వెబ్‌సైట్ సరిగా నడుస్తోందన్న జ్ఞానాన్ని ఇచ్చే సాధనం. ఎండీ5తో నడిచిన పరీక్ష, పీబీకేడీఎఫ్2తో నడిచే వెబ్‌సైట్ గురించి నిజం చెబుతుందా? కొనుగోలు బుట్టలోని సరుకుల లెక్క, బిల్లు మొత్తం వంటి వాటి విషయంలో చెబుతుంది, అక్కడ హ్యాషర్ అన్యథాసిద్ధం. లాగిన్, పాస్‌వర్డ్ మార్పిడి, పాత హ్యాష్‌లను కొత్త సంఖ్యకు తిరగరాయడం వంటి వాటి విషయంలో చెప్పదు. ఆ కొద్ది పరీక్షలను అసలు హ్యాషర్‌తోనే, ఎంతసేపు పడితే అంతసేపు నడవనివ్వాలి.