గేర్ ఆయిల్ రంగు

పాత మోటారు కొనడానికి వెళ్తే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. మనం వెళ్లేసరికే వెచ్చగా ఉందంటే, ఎవరో అప్పటికే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎంత మొరాయిస్తుందో మనకు తెలియకూడదని. మేలో వాడరేవుకి ఒక ఫైబర్ బోటు చూడ్డానికి వెళ్తూ ఇలాంటివి నాలుగు నేర్చుకుని పోయాను. (2022లో బాపట్ల జిల్లాలో కలిసింది గానీ, మా నోళ్లలో వాడరేవు ఇంకా ప్రకాశమే.)

కొనేది నా స్నేహితుడి నాన్న. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఇసకలోనే ఉన్నాయి, తాపీగా చూసుకోవచ్చు. మెకానికల్ చదివానని నన్ను లాక్కెళ్లారు. మాది పర్చూరు వైపు, మిరప పొలాలు. సముద్రం నాకు సెలవు రోజు వ్యవహారం.

ఇంజను చల్లగానే ఉంది. నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది. చల్లబరిచే నీళ్లు పక్క రంధ్రంలోంచి సన్నటి ధారగా వచ్చాయి. బోటు పొడవునా వేలి కణుపులతో కొట్టుకుంటూ పోయాను, ఎక్కడా డొల్లగా పలకలేదు. మోటారు తగిలించే వెనక చెక్క కూడా ఊగలేదు. పైన కొత్తగా వేసిన నీలం రంగు. చివర్లో కింది స్క్రూ వదులు చేస్తే గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కారింది.

అంటే సీలు పోయి ఉప్పునీళ్లు లోపలికి వెళ్తున్నాయి. సీలు మారిస్తే సరిపోవచ్చు. లోపల పళ్లు తుప్పు పట్టి ఉంటే ఏదో ఒక రోజు నడిసముద్రంలో పట్టేయవచ్చు. విప్పితే గానీ తెలీదు.

అమ్మే పెద్దాయన తడబడలేదు. “నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పారు బాబూ? మీరు చూశారు, కనపడింది. నేనేమన్నా దాచానా?”

దాచలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా మొత్తానికి ఆయన వైపే. కొన్ని మినహాయింపులున్నా, చూసుకోవాల్సింది కొనేవాడే.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మిరపకాయలు టిక్కీల్లో తొక్కే ముందు నీళ్లు చల్లేవాళ్లం, కాయ విరక్కుండా. ఎన్ని నీళ్లు కాయ కోసమో, ఎన్ని తూకం కోసమో మా ఇంట్లో ఎవరూ లెక్క కట్టలేదు. గుంటూరు యార్డులో మచ్చు తీసేవాడికీ ఆ సంగతి తెలుసు, ధరలో కోసేసేవాడు. అందరికీ తెలిసిన మౌనాన్ని అబద్ధం అనాలా అంటే, అప్పుడైతే ఎవరూ అనలేదు.

ఈ తగువు పాతదే. క్రీ.పూ. 44లో సిసెరో ఒక కథ రాశాడు. రోడ్స్ దీవిలో కరువు. ఒక వర్తకుడు ధాన్యం ఓడతో వచ్చాడు. వెనక ఇంకా ఓడలొస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా? బాబిలోన్‌కి చెందిన డయోజెనీస్ (పట్టపగలు దీపం పట్టుకుని తిరిగినాయన కాదు) అక్కర్లేదన్నాడు. చట్టం అడిగినంత చెబితే చాలు, ఊరుకోవడం దాచడం కాదు. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ అంతా చెప్పాల్సిందే అన్నాడు. సిసెరో శిష్యుడి వైపు. నేనూ అటే, పుస్తకం చదువుతున్నంతసేపూ.

మా బేరం కుదరలేదు. రోడ్డు మీద సోడా తాగుతుంటే బైకు మీద ఇద్దరు అన్నదమ్ములు వచ్చి అదే బోటు దగ్గర ఆగారు. చిన్నోడు కొత్త రంగు మీద చెయ్యేసి నిమిరాడు. వెనక్కి వెళ్లి స్క్రూ సంగతి చెప్పబోతే స్నేహితుడి నాన్న భుజం పట్టుకున్నాడు. “కుదరని బేరం గురించి నోరెత్తకూడదబ్బాయ్. రేపు నా వలలు అమ్ముకునేటప్పుడు ఆయన కూడా నోరెత్తడు.”

ఆ ఊళ్లో బతికేది ఆయన. నేను సాయంత్రానికి బస్సెక్కేవాణ్ణి. ఆయన మాట కాదనే హక్కు నాకు లేదనుకున్నాను. ఆ అనుకోవడం నాకెంత వీలుగా ఉందో బస్సు ఇంకొల్లు దాటాక గానీ తట్టలేదు. మచ్చు తీసేవాడికి నీళ్ల సంగతి తెలుసు. ఈ ఇద్దరికీ తెలీదు. ఆయిల్ రంగు తెలిసినవాళ్లం అక్కడ ముగ్గురం, నాతో కలిపి.

జూన్ 14 రాత్రి స్నేహితుడికి ఫోన్ చేశాను. బోటు వాళ్లే కొన్నారట, తెల్లారితే వేటకి దిగుతున్నారట.

“వాళ్ల నంబరుందా?”

“నెలైపోయింది కదరా. ఇప్పుడెందుకు?”

“ఉంటే ఇవ్వు,” అన్నాను.