సాయిబు హోటలు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వర్ధన్నపేటలో బస్సు ఆగితే ముందుగా కనబడేవి హోటళ్లు. మా దగ్గర హోటలంటే పడుకునే జాగ కాదు, చాయ్ తాగే జాగ. ముందర పొయ్యి, పొయ్యి మీద ఒకవైపు డికాక్షన్, ఇంకోవైపు మరిగి మరిగి చిక్కబడ్డ పాలు. లోపల నాలుగు బల్లలు, నీళ్ల జగ్గు, పదిమంది పంచుకుని చదివే ఒక్క పేపరు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వేసుకుపోయే రైతు, తొర్రూరు బస్సు తప్పిపోయిన టీచరు, ఒక చాయ్ పడితే తప్ప కాలు కదలని మేస్త్రీ, ఫజర్ నమాజు ముగించుకుని టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చిన మా పెద్దలు, అందరూ ఆ బల్లల మీద మోచేతులు ఆనించి కూర్చుంటారు. "చిచ్చా, దో చాయ్" అనేవాడు ముసల్మానే కానక్కర్లేదు. "కాకా, శక్కర తక్కువెయ్" అనేవాడు హిందువే కానక్కర్లేదు.

మాకు ఆ హోటళ్లంటే ఇష్టం. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. మా గురించి ఎవరు రాసినా అల్లర్లు, కర్ఫ్యూలు, తలాక్, పేదరికం ఇవే రాస్తారు. నిజం చెప్పాలంటే మేమూ మా గురించి అవే ఎక్కువ రాసుకున్నాం. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే సుఖం, ఉస్మానియా బిస్కెట్ ఒక్క క్షణం ఎక్కువ ముంచితే విరిగి అడుగున పడిపోయే చిన్న నష్టం కూడా మా బతుకే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు హైదరాబాదు మూలమలుపుల్లో తెరిచిన హోటళ్ల చాయ్ అది. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, జరతుస్త్ర మతస్తులూ ఉన్నారు. అక్కడి నుంచి అది జిల్లాలకు పాకింది. రంజాన్ రాత్రుల్లో వరంగల్ మండీబజార్ హలీం బట్టీల ముందు నిలబడేవాళ్లను లెక్కబెడితే, రోజా ఉన్నవాళ్లకన్నా లేనివాళ్లే ఎక్కువ తేలతారేమో. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు తమకే వచ్చినట్టు సంతోషించిన హిందూ మిత్రులు మాకున్నారు. మంచిదే. మాకూ సంతోషమే అయింది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మా సెక్యులర్ మిత్రులు ఆ బల్లను మా ముందే సాక్ష్యంగా నిలబెడతారు. "మనూళ్లె ఏం తేడా ఉందివయా? సాయిబు హోటల్ల అందరం కూసుంటలేమా? ఒక్క చాయ్ ఇద్దరం సగం సగం తాగుతలేమా?" అంటారు. నిజంగానే తాగుతాం. ఒక చాయ్‌ను రెండు చేసుకుని తాగే అలవాటు మా తెలంగాణలో ఉన్నంతగా ఇంకెక్కడుందో మాకు తెలియదు. కానీ ఒకే బల్ల మీద తాగిన చాయ్ సమానత్వం అవుతుందా? కిరాయికి ఇల్లు అడిగినప్పుడు పేరు వినగానే "మావోళ్లు ఒప్పుకోర"నే మనిషి, సాయంత్రం అదే బల్ల మీద మా భుజం మీద చెయ్యేసి కూర్చుంటే, మేం ఏ చేతిని నమ్మాలి?

మేం ఈ ప్రశ్నతో చాలా ఏళ్లు కొట్లాడుకున్నాం. మాలో కొందరన్నారు, అదంతా నాలుక మీది స్నేహం, బిర్యానీ అయిపోగానే అయిపోతుందని. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చిన తర్వాతి రోజులు వాళ్లు గుర్తుచేస్తారు. ఆ రోజుల్లో చాయ్ మామూలుగానే మరిగింది, గిరాకీ మామూలుగానే వచ్చింది, పేపరు మాత్రం ఎవరూ పైకి చదవలేదు. అంత దగ్గరగా కూర్చుని అంత నిశ్శబ్దంగా తాగిన చాయ్ మేం మళ్లీ తాగలేదు. అయినా జనం వచ్చారు. రాకుండా ఉండొచ్చు కదా, వచ్చారు. దీన్ని ఎటు లెక్కవేయాలి?

ఒక గ్లాసు సంగతి చెబుతాం. మా చిన్నతనంలో దోస్తు ఇంటికి పోతే వాళ్లమ్మ మాకు అన్నం పెట్టేది. కొసరి కొసరి పెట్టేది, మా అమ్మీ తర్వాత అంత ఆపేక్షగా పెట్టిన చెయ్యి మాకు తెలియదు. కానీ మేం నీళ్లు తాగే గ్లాసు వేరే ఉండేది. అది వంటింట్లోకి పోయేది కాదు, బావి గట్టు దగ్గర గూట్లో ఉండేది. ఆ తల్లి ప్రేమ అబద్ధమా అంటే కాదు. గ్లాసు అబద్ధమా అంటే అదీ కాదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే చేతిలో ఉన్నాయి. అది అర్థం కావడానికి మాకు చానా కాలం పట్టింది. ప్రేమ ఉంటే అంటు పోతుందని మనం అనుకుంటాం, ప్రేమతోనే అంటును పాటించవచ్చు.

హోటల్లో ఆ ప్రేమ లేదు. గల్లా దగ్గర కూర్చున్నాయన మనం తిన్నామా లేదా అని కొసరి అడగడు. కానీ ఆయన గ్లాసులన్నీ ఒకే బకెట్లో మునిగి లేస్తాయి. ఇంతకు ముందు ఆ గ్లాసు ఎవరి మూతికి తగిలిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. కాబట్టి హోటలు మన మధ్య ప్రేమకు రుజువంటే మేం ఒప్పుకోం. అక్కడ ప్రేమ ఉండాల్సిన అవసరమే లేదు. చిల్లర బల్ల మీద పెట్టినవాడికి కూర్చునే హక్కుంది, అంతే. ఆ మాటకొస్తే మాకు ముందు కావలసింది ఆ హక్కే. మమ్మల్ని ప్రేమించండని ఊరూరా తిరిగి అడుక్కోవడం మాకు విసుగొచ్చింది.

అయితే ఒకే బకెట్ అన్నాం కదా, అది ఎప్పటి నుంచి ఒకటయ్యిందో కూడా చెప్పకపోతే మేం దొంగలమవుతాం. మా వాళ్లు నడిపిన హోటళ్లలోనూ మాదిగలకు, మాలలకు గ్లాసులు విడిగా ఉన్న కాలం ఉంది. చూరుకు, లేదంటే బయట బండ మీద. వాళ్లే తీసుకుని, నిలబడి తాగి, వాళ్లే కడిగి పెట్టాలి. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని ఒకే తబక్‌లో తినమన్న దీన్ మాది. "గిరాకీ పోతది భాయ్, మేమేం జేస్తం" అన్నారు మా పెద్దలు. పెద్దకులాల గిరాకీ కోసం దీన్‌ను చూరుకు వేలాడదీశారు. దోస్తు ఇంట్లో గూటి గ్లాసు మాకు గుర్తుంది కాని, మా హోటల్లో చూరు గ్లాసును మేం మరిచిపోయాం. ఎవరి గ్లాసు వాళ్లకే గుర్తుంటుంది కాబోలు. సయ్యదులం, పఠాన్లమని చెప్పుకుంటూ దూదేకులవాళ్లను పక్కకు పెట్టిన మా ఇండ్ల సంగతి ఇంకొకటి, దానికి ఇంకో వ్యాసం కావాలి.

1950 నుంచి రాజ్యాంగం పదిహేనో అధికరణంలో రెండో భాగం ఉంది. మతం, కులం వంటివి చూపించి ఎవరినీ దుకాణాలకు, హోటళ్లకు రానియ్యకుండా చెయ్యరాదని అందులో ఉంది. బావులు, చెరువులు, రోడ్లు అదే వాక్యం కింద ఉన్నాయి. 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టిన అంబేద్కర్‌కు చెరువూ, చాయ్ హోటలూ ఒకే వరుసలోవని తెలుసు. కానీ మా దగ్గర చూరు గ్లాసును రాజ్యాంగం వచ్చి దించలేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత తలెత్తిన దళిత యువకులు వచ్చి, లోపలి బల్ల మీద కూర్చుని, లోపలి గ్లాసులో చాయ్ అడిగారు. ఆ రోజు మేం బల్లకు ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా? ఇవాళ మేం కూర్చునే బల్లకు అప్పుపడి ఉన్నది వాళ్లకు. అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బొరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు చేసింది ఇదే పని. దుకాణంలో వస్తువులు అమ్ముతారు కాని, భోజనం కౌంటర్ దగ్గర కూర్చోనివ్వరు. వాళ్లు కూర్చున్నారు, కాఫీ అడిగారు.

కాఫీ అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. మత్తు అన్నాడు, హరామన్నాడు. అసలు భయం గింజ గురించి కాదు, గింజ చుట్టూ రాత్రిళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్న జనం గురించి. నిషేధం నిలవలేదు. మా మతంలోనూ బల్లంటే భయపడేవాళ్లు ఉన్నారని చెప్పడానికే ఈ ముచ్చట.

ఇప్పుడు భయపడేవాళ్లు వేరే. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర సాగే దారిలో తిండి దుకాణాలవాళ్లు యజమానుల పేర్లు బయటకు కనబడేలా రాసిపెట్టాలన్నారు. ముజఫర్‌నగర్‌లో మొదలై రాష్ట్రమంతా పాకింది. ఏం వండుతున్నారో చెప్పమంటే చాలు కదా, వండేవాడి పేరెందుకు? ఆ నెల 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం తిండో రాయమనండి, పేర్లు రాయమని బలవంతపెట్టొద్దంది. ఆ బెంచి మీద ఉన్న ఇద్దరిలో ఒకరు మన మదనపల్లె నుంచి వచ్చిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. కేరళలో ఉన్నప్పుడు తాను ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కు పోయేవాడినని, అక్కడి శుభ్రత నచ్చేదని విచారణలో చెప్పారాయన. మరుసటి ఏడు అదే యాత్ర దారిలో క్యూఆర్ కోడ్ అతికించమన్నారు. ఫోన్ చూపిస్తే పేరు తెలుస్తుంది. పేరు అడిగే పద్ధతి మారింది.

గుజరాత్‌లో చెలియా ముస్లింలు హైవేల పొడవునా హోటళ్లు నడుపుతారు. చాలా చోట్ల శాకాహారమే, పేర్లూ ఎవరికీ అభ్యంతరం లేనివే. 2002లో ఆ పేర్లు వాళ్లను కాపాడలేదు. వెతికేవాళ్లకు యజమాని ఎవరో ముందే తెలుసు. అందుకని పేరు దాచుకోవడమే తెలివి అనేవాళ్లతో మేం ఏకీభవించం. అట్లాగని పేరు రాసి తీరాలని హుకుం వస్తే తలూపం. మా పేరు మేం రాసుకున్నప్పుడు అది మా పేరు. పోలీసు వచ్చి రాయించినప్పుడు అది ముద్ర. బిస్మిల్లా అనో, మదీనా అనో గర్వంగా రాసుకున్న బోర్డులు మా రోడ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి, వాటి కింద అన్ని కులాలవాళ్లూ తింటున్నారు.

అయినా మా జిల్లాలో పేరు చూసి మతం పట్టడం అంత సులువు కాదు. వర్ధన్నపేటకు దగ్గరలోనే, పర్వతగిరి మండలంలో అన్నారం షరీఫ్ ఉంది. యాకూబ్ షావలి దర్గా. మొక్కుకున్నవాళ్లు యాటను తోలుకొచ్చి, అక్కడే కోయించి, అక్కడే వండి, ఫాతెహా ఇప్పించి కందూరు చేస్తారు. చేసేవాళ్లలో హిందువులు మాకన్నా ఎక్కువ. బాబా దయతో పుట్టిన పిల్లలకు యాకయ్య, యాకమ్మ, యాకూబ్ అని పేర్లు పెట్టుకుంటారు. యాకయ్యలు లేని ఊరు ఈ చుట్టుపక్కల వెతకాలి. ఇప్పుడు యాకయ్య ఒక హోటలు పెట్టి తన పేరు బోర్డు మీద రాసుకున్నాడనుకోండి. చూసేవాడు ఏమనుకోవాలి? పేరు మా వలీది, మనిషి హిందువు, యాటను కోసింది ముజావర్, మసాలా నూరింది యాకయ్య భార్య. ఉత్తరప్రదేశ్ నుంచి ఒక పోలీసును పంపిస్తే మా యాకయ్యను ఏ వరుసలో నిలబెడతాడో చూడాలని మాకు కోరిక.

కందూరులో ఇంకొకటి ఉంది, హోటల్లో లేనిది. అక్కడ ఆడవాళ్లు కూర్చుంటారు. చెట్ల కింద, పొయ్యిల చుట్టూ, మగవాళ్లతో సమానంగా గొంతులేసుకుని. ఇంతసేపూ 'అందరూ కూర్చునే బల్ల' అని మేం గొప్పగా చెప్పుకున్న బల్ల మీద మా అమ్మీలు, ఖాలాలు ఎన్నడూ కూర్చోలేదు. హోటల్లో అమ్మిన ఖీమా సమోసాలకు ఇంట్లో ఉల్లిగడ్డలు తరిగింది వాళ్లే. బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చాయ్ అందుకుని, డ్రైవరు హారన్ కొట్టేలోపు నాలుక కాల్చుకుని తాగి గ్లాసు తిరిగిచ్చేవాళ్లు. వాళ్ల గ్లాసు వేరు కాదు, నిజమే. జాగానే లేదు. ఇప్పుడు కాలేజీకి పోయే మా అమ్మాయిలు బురఖాతోనే బేకరీల్లో కూర్చుని పఫ్‌లు తింటున్నారు. మా హోటళ్లలోకి మాత్రం ఇంకా రావడం లేదు. రమ్మని మేమూ పిలవలేదు.

మొన్న మా వాళ్లలో ఒకాయన హోటలుకు కొత్త బోర్డు వేయించాలనుకున్నాడు. పాతది ఎండకు వెలిసిపోయి, 'చాయ్' ఒక్కటే మిగిలింది. పేరేం పెడదామని మమ్మల్ని అడిగాడు. ఒకరు తండ్రి పేరు రాయమన్నారు, ఆయనే కదా పెట్టింది అన్నారు. ఇంకొకరు "ఇప్పుడెందుకు భాయ్ గవన్నీ, ఉత్తగ టీ అండ్ టిఫిన్స్ అని రాపియ్" అన్నారు. యాకూబియా అని రాస్తే ఇద్దరికీ సరిపోతుందని మూడో ఆయన. అరగంట మాట్లాడుకున్నాం. పక్క బల్ల మీది రైతు, మిర్చి ధర కోసం ఫోన్ చూసుకుంటూ, "ఏది వెట్టినా మేం సాయిబు హోటల్ అనే అంటం గదా కాకా" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. మేం నవ్వాం కూడా. ఫ్లెక్సీ షాపు పిల్లగాడు చాయ్ తాగి, మళ్లీ వస్తానని పోయాడు. పేరు ఇంకా తేలలేదు.