కండ కరగకుండా

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేసి, దారంతా నడిచేవాళ్లకే వదులుతారు. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, బూట్లు తొడుక్కుని చకచకా సాగిపోయే యాభై దాటిన ఆడవాళ్లను అక్కడ చూస్తే నాకెంత సంతోషమో!

అయితే ఒక్క మాట. ఈ వయసులో బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి, నడక ఒక్కటే నమ్ముకుంటే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. వయసుతో అది ఎలాగూ తగ్గుతూనే ఉంటుంది. తూకం ముల్లు దిగిందని మురిసిపోతాం, మెట్లెక్కబోతే కాళ్లు వణుకుతాయి. తగ్గించాల్సింది కంచంలో అన్నం రాశిని. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తగ్గించకండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి.

ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం అంటారా? 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, వృద్ధాశ్రమంలో ఉన్న, సగటున 90 ఏళ్ల వయసు వాళ్ల చేత 8 వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించారు. వాళ్ల కాళ్ల సత్తువ రెట్టింపు దాటింది. తొంభైలో వచ్చిన బలం యాభై అయిదులో రాదా?

గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. అయిదుసార్లకే ఆయాసం వస్తే, ఇవాళ్టికి ఆ అయిదూ చాలు.