అద్దము మీది దుమ్ము, ఇనుము మీది తుప్పు

ప్రవచనములలో పాపమును తుప్పుతో పోల్చుట పరిపాటి. ఇనుమునకు తుప్పు పట్టినట్లు మనస్సునకు పాపము పట్టుననియు, భగవన్నామమనెడి ఆకురాయితో రుద్దినచో అది రాలిపోయి లోపలి లోహము మునుపటివలెనే తళతళలాడుననియు వక్తలు చెప్పుదురు. శ్రోతలు తలలూపుదురు. నేనును సూర్యాపేటలో పెక్కేండ్లు కార్తికమాస ప్రవచనములలో ఈ ఉపమానమునే వాడితిని. గడచిన మాఘమాసమున ఒక పాత గడ్డికోత యంత్రమును నా చేతులతో విప్పి, దాని తుప్పు వదలించుటకు కూర్చున్న పిమ్మట ఆ మాటను మరల పలుకుటకు నాకు నోరు రాకున్నది. ఉపమానమునందు దోషము లేదు. దానిని మేము చెప్పుచు వచ్చిన తీరునందే దోషమున్నది.

గీత తృతీయాధ్యాయమున కామము జ్ఞానమును కప్పివేయు విధమునకు మూడు దృష్టాంతములు గలవు. పొగ అగ్నిని కప్పుట, మలము అద్దమును కప్పుట, మావి గర్భమును కప్పుట. వీనిలో అద్దపు దృష్టాంతమే లోకమున మిక్కిలి ప్రచారము పొందినది. అద్దము మీది దుమ్ము అద్దము నుండి పుట్టలేదు. వెలుపలి నుండి వచ్చి వ్రాలినది. దానిని తుడిచినచో అద్దమునకు వచ్చిన నష్టమేమియు లేదు. మా సూర్యాపేటకు చేరువనే యున్న పిల్లలమఱ్ఱిలో 1208వ సంవత్సరమున వెలసిన ఎరకేశ్వరాలయమును చూచినవారికి ఈ సంగతి కన్నులకు కట్టును. అచ్చటి నల్లరాతి స్తంభములకు కాకతీయుల కాలపు శిల్పులు పెట్టిన నునుపు ఎట్టిదనగా, దుమ్ము పట్టిన చోటును ఉత్తరీయపు కొంగుతో తుడిచినచో నేటికిని మన నీడ అందు కనబడును. ఎనిమిది వందల ఏండ్ల దుమ్ము ఆ రాతిలో రవంతయు తినలేదు.

తుప్పు అట్టిది కాదు. గాలిలోని ప్రాణవాయువును నీటి చెమ్మయు కలిసి ఇనుముతో సంయోగము పొందగా పుట్టునదే తుప్పు. అనగా తుప్పునందున్న ద్రవ్యములో అధిక భాగము ఇనుమే. నిన్నటి వరకు కత్తిగా నున్నదే నేడు పొడియై రాలుచున్నది. రాగి చిలుము పట్టినను ఆ చిలుము రాగికి కొంత కవచమగును. ఇనుప తుప్పు అట్లు కాక, పొరలు పొరలుగా ఉబ్బి, పగిలి, లోపలి ఇనుమును మరల చెమ్మకు అప్పగించును. మా పల్లెలలో దీనిని జంగు అందురు. అమరకోశమున మండూరమను పేర ఇది లోహమలముగా చెప్పబడినది. పాళీ ధమ్మపదమున మలవర్గమను పేర ఒక వర్గమే కలదు. ఇనుమున పుట్టిన తుప్పు ఇనుమునే భక్షించుట అందు దృష్టాంతముగా గ్రహింపబడినది. మా జిల్లాలోని ఫణిగిరి కొండ మీద విహారములలో నివసించిన భిక్షువులును దీనిని వినియే యుందురు. వారి దృష్టాంతమును మేము గ్రహించితిమి కాని, అందలి భక్షించుట యను ముక్కను విడిచిపెట్టితిమి.

ఇక యంత్రము మాట. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను ఆంగ్లేయుడు, ఉన్ని వస్త్రముల మీది నూగును సమముగా కత్తిరించు మిల్లు యంత్రమును చూచి, అదే పద్ధతిలో పచ్చికను కోయు యంత్రమును నిర్మించెను. రెండు చక్రముల నడుమ మెలిదిరిగిన కత్తులు గల ఒక రోలరు, దాని క్రింద కదలని ఒక అడ్డకత్తి యుండును. మనిషి తోయగా చక్రములు తిరిగి, పళ్లచక్రముల ద్వారా ఆ వేగము రోలరునకు అందును. గడ్డిపోచ రెండు కత్తుల నడుమ కత్తెరలో వలె తెగును. నూనె గాని కరెంటు గాని త్రాగదు. అట్టిదానినొకదానిని 1991లో ఒక భక్తుడు మా ఊరి ఆలయపు పూలతోటకు సమర్పించెను. తోటమాలి దానిని బిడ్డవలె చూచుకొనెడివాడు. పని ముగియగానే గడ్డి దులిపి, గుడ్డతో తుడిచి, కీలు కీలునకు చమురు పెట్టి రేకుల కొట్టములో నిలిపెడివాడు.

ఆ చమురే వివాదమునకు మూలమైనది. 2003లో నేను ఆలయ సంఘమున సభ్యుడను. దీపారాధన నూనె లెక్కకు తక్కువ వచ్చుచున్నదని మాట పుట్టెను. ఒకనాటి సాయంకాలము తోటమాలి చేతిలో చిన్న సీసా, దానినిండ నూనె నేను కన్నులారా చూచితిని. అడుగలేదు. మరునాటి సభలో పదిమంది యెదుట "దేవుని నూనె తోటలోనికి పోవుచున్నది" అని అంటిని. పండితుని మాట కనుక ఎవరును విచారింపలేదు. అతడును వాదింపలేదు, తాళపుచెవి అచ్చట పెట్టి వెడలిపోయెను. తరువాత కోదాడలో కూతురింటికి చేరెనని వింటిని. యంత్రమునకు చమురు పెట్టువాడు లేకపోయెను. కొట్టము కారినది. ఇరువది ఏండ్లు గడచినవి.

నిరుడు పాత సామాను వేలము వేయునప్పుడు ఇనుము కొనువాడు దానిని కిలో లెక్కన తూచబోగా, మా మనుమడు వలదని ఇంటికి తెచ్చెను. వానికి యంత్రముల పిచ్చి, నాకు ఉద్యోగ విరమణానంతరపు తీరిక. ఇద్దరము వసారాలో చాప పరచి కూర్చుంటిమి. బోల్టులు కదలలేదు. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎన్నో రెట్లు చోటాక్రమించును గనుక మరలు బిగిసిపోవునని వాడు చెప్పెను. (చూచుటకు లోహము బలిసినట్లుండును, నిజమునకు చిక్కిపోయినది. ఇట్టి బలుపును మనుష్యులలోను చూచితిని.) కిరసనాయిలు పోసి రెండు దినములు విడిచిన పిమ్మట అవి సడలినవి. ఇనుప తీగల కుంచెతో పైపొట్టు రాల్చితిమి. మా గృహిణి పాత చింతపండును పులుసు పిసికి మట్టి తొట్టిలో పోయగా, భాగములను అందులో నానవేసితిమి. పులుపునకు తుప్పు కరగి నీరు నల్లబడెను. నిమ్మరసమునకును ఇదే గుణము కలదు.

ఇచ్చట ఒక పొరపాటు జరిగినది. ఒక మరమేకును తొట్టి అడుగున మరచితిని. నాలుగు దినములకు చూడగా తుప్పు పోయినది, కాని దానితోపాటు మర గీతలును సన్నగిలినవి. పులుపునకు తుప్పు ఏదో, ఇనుము ఏదో తెలియదు. శరీరమును శుష్కింపజేసికొను కొందరి వ్రతములను తలచుకొంటిని. వెలికి తీసిన భాగమును వంటసోడా నీటిలో కడిగి, తక్షణమే తుడిచి ఎండబెట్టవలెను. ఆలస్యము చేసినచో శుభ్రమైన ఇనుము మీదనే గడియలో పసుపుచాయ పొర మరల లేచును. శుద్ధియైన క్షణముననే ఇనుము మిక్కిలి నిస్సహాయముగా నుండును.

అన్నియు తోమి ఎండలో పరచి చూచితిని. తళతళ లేదు. కత్తుల పొడవునా మశూచి వచ్చిపోయిన ముఖమునందు వలె గుంటలు. రాలిన తుప్పు దోసెడుకు మించి యుండెను. ఆ దోసెడు ఒకప్పుడు కత్తి. ఆయుర్వేదమున నూరేండ్ల నాటి మండూరమును శ్రేష్ఠమని గ్రహించి, శుద్ధి చేసి, పాండురోగమునకు పునర్నవాది మండూరముగా వాడుదురు. ఆ పొడికి అట్టి సద్గతి కలదు గాని, కత్తిగా మరల మారు యోగము మాత్రము లేదు.

పిదప పళ్లచక్రముల పెట్టె మూత విప్పితిమి. లోపల తుప్పు లేదు. జిగురువలె చిక్కబడిన పాత నూనె, దాని క్రింద పళ్లు నిగనిగలాడుచున్నవి. ఆ జిగురులో నల్లని పోగులు కనబడెను. మనుమడు పుల్లతో తీసి "తాతయ్యా, ఇవి వత్తులు" అనెను. అవును, కాలిన దీపపు వత్తుల తునకలే. దీపపు సెమ్మె క్రింది పళ్లెములో కారి, మసి కలిసి, ఇక వెలిగించుటకు పనికిరాదని పారబోయు నూనెను అతడు సీసాలోనికి ఒంపుకొనెడివాడు. నేను చూచిన సీసా అదియే. నిండు డబ్బాలోని నూనెలో కాలిన వత్తి యుండదు గదా. నేను చాల సేపు ఆ పుల్లను చేతబట్టుకొని యుంటిని.

చదువుకొన్నవారికి ఇట్టి సమయమున చదువే ఒక చాటు. నాకును శంకరుల సమన్వయాధికరణ భాష్యము గుర్తునకు వచ్చెను. మోక్షము పుట్టింపదగినది కాదు, వికారము వలన కలుగునది కాదు, క్రొత్తగా పొందదగినది కాదు, సంస్కారమున సిద్ధించునదియు కాదని అచ్చట విచారణ. తోమగా అద్దపు కాంతి వెలువడునట్లు ఆత్మయు క్రియచే శుద్ధమగునేమో యను శంకను సైతము ఆచార్యులు నిరాకరించిరి. ఆత్మ ఏ క్రియకును ఆశ్రయము కాదు. ఆత్మకు దుమ్మే లేనప్పుడు తుప్పెక్కడిది? సిద్ధాంతము నిర్దుష్టము. కాని తోటమాలి మీద నింద మోపినది ఆత్మ కాదు, నా నోరు. అతడు కోల్పోయినదియు బ్రహ్మము కాదు, జీతము, పరువు. పారమార్థికమున చెప్పిన మాటను వ్యవహారమున చేసిన అపరాధమునకు కప్పుట, తుప్పు మీద రంగు పూయుట వంటిదే. పెయింటు క్రింద తుప్పు తన పని తాను చేసికొనిపోవును.

స్మృతికారులు ఇంతకంటె కఠినులు. అల్పమైన వస్తువును దొంగిలించినవాడు కూడ మొదట దానిని యజమానికి తిరిగి అప్పగించి, పిమ్మటనే కృచ్ఛ్రము నాచరింపవలెనని మను ధర్మశాస్త్రమున పదునొకండవ అధ్యాయము. స్నానము, జపము, ఉపవాసము తరువాతి మాట. ధనమైనచో లెక్కపెట్టి ఇయ్యవచ్చును. ఒకని మంచిపేరును ఇరువది ఏండ్లు నా యొద్ద ఉంచుకొన్నచో దేనితో తూచి ఇయ్యవలెను?

అడ్డకత్తి అంచు సరిచేయించుటకు మిర్యాలగూడకు పోతిమి. సాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండు ఊరు. బియ్యపు మిల్లులు మెండు గనుక లేతు పనివారును మెండు. పనివాడు కత్తిని త్రిప్పి చూచి, గుంటలన్నియు పోవువరకు అరగదీసినచో కత్తియే మిగులదనియు, అంచు మట్టుకు తీర్చెదననియు చెప్పెను. నేను ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభమును తలచుకొంటిని. పదునారు వందల ఏండ్లుగా వానలో నిలిచిన ఆ స్తంభమునకు తుప్పు పట్టదని మనము గర్వముగా చెప్పుకొందుము. దానిని పరిశోధించిన కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యము గారు చెప్పినది వేరు. ఆ ఇనుమున భాస్వరము హెచ్చుగా నుండుటచే, మొదట పట్టిన మలమే పలుచని గట్టి పొరయై లోపలి లోహమును కాచుచున్నదట. తొలి మలినమును జ్ఞాపకముంచుకొన్న ఇనుము అది. అన్ని ఇనుములకును ఆ భాగ్యము లేదు.

తిరుగు ప్రయాణమున కోదాడలో దిగితిని. అతనికి ఇప్పుడు ఎనుబదికి దగ్గర. నన్ను గుర్తించి లేవబోగా వారించితిని. అతడు మొదట అడిగినది యంత్రమును గురించియే. "మిషను ఉన్నదా అయ్యగారూ? అమ్మేసిన్రనుకున్న."

"ఉన్నదన్నా. పెట్టె విప్పితే వత్తులు కనబడినవి. ఆనాడు సభలో నేనన్న మాట అబద్ధము. నన్ను క్షమించండి" అంటిని. అతనిని అన్నా యనుట, మీరనుట నాకు అదే మొదలు.

అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మీరన్నందుకు గాదు అయ్యగారూ. ఊళ్లె వాళ్లు అన్నందుకు గూడ గాదు. మా ఇంటామె సచ్చిపొయ్యేదాక అడిగింది, నిజంగనే తీసినవా అని. నేను లేదంటే నమ్మినట్టె ఉండేది. మళ్ల అడిగేది" అనెను. ఆమె లేచి వచ్చి వినదు. ఆ గుంటకు ఏ లేతు లేదు.

ఆలయమునకు ఒకసారి రమ్మని వేడితిని. గుడికి మాత్రము రానని చెప్పెను, కోపముతో కాదు. నేనును బలవంతము చేయలేదు. పదును పెట్టు విధము మాత్రము ఓపికగా చెప్పెను. సానపొడిని నూనెలో కలిపి కత్తులకు పూసి, రోలరును "ఉల్టా" త్రిప్పవలెనట. కోయు దిశలో త్రిప్పినచో పదును రాదట.

నేను ఆ మాటనిన సభ నేడు లేదు. సభ్యులలో పలువురు పరమపదించిరి. మిగిలినవారును, వారి పిల్లలును ఈ పత్రికను చదువుదురు గనుక ఇచ్చటనే వ్రాయుచున్నాను: ఆ తోటమాలి దేవుని నూనె చుక్కయు తీసినవాడు కాడు. పారబోయు నూనెతో దేవుని సొత్తును కాపాడినవాడు. తప్పు నాది.

ఇంటికి వచ్చి, చెప్పినట్లే రెండు దినములు వెనుకకు త్రిప్పితిమి. పాత పంచాంగపు కాగితమును సన్నని పట్టీలుగా చించి కత్తుల నడుమ పెట్టి పరీక్షించితిమి. అంచు పొడవునా కసుక్కున తెగినది. ఒక్క లోతు గుంట యున్న చోట మాత్రము తెగక మడత పడినది. మనుమడు కోదాడకు ఫోను చేసి ఆ సంగతి చెప్పెను. అవతల నుండి ఆయన గొంతు నాకును వినబడెను: "గక్కడ ఒక పోచ మిగులుతది బిడ్డా. రెండోసారి అడ్డంగ తోలుండ్రి."