కొట్లు నిండినను, కొట్లు ఖాళీయైనను

మూలవాక్యము: లూకా 12:13–21, 1 రాజులు 17:8–16



కోతలు ముగిసి కల్లములు ఎత్తిన తరువాత మన సంఘములలో కోతపండుగ ఆచరించుదుము. బల్లయెదుట ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు పెట్టబడును. పాటలు పాడుదుము, కానుకలు వేలము వేయుదుము. అది సంతోషకరమైన దినము. అయితే ఆ రాత్రి ఇంటికి వెళ్లి పండుకొనినప్పుడు మన మనస్సునకు నెమ్మది కలిగించునది ఏది? దేవుడున్నాడను తలంపా? గాదెలో గింజలున్నవను తలంపా? పంట పండిన యేట ఈ రెండును కలిసిపోయి యుండును గనుక వేరుచేసి చూచుట కష్టము. వాన రాని యేట అవి వేరుపడును. అప్పుడు మన నమ్మిక దేనిమీద నుండెనో మనకే తెలియును.

పై వాక్యభాగములో ఒక మనుష్యుడు ప్రభువునొద్దకు వచ్చి, పిత్రార్జితములో తన పాలు ఇమ్మని తన సహోదరునితో చెప్పుమని వేడుకొనెను. గట్టు తగవులు, పంపకముల తగవులు మనమెరుగనివి కావు. పెద్దమనుష్యులను కూర్చుండబెట్టునట్లే అతడు ప్రభువును కూర్చుండబెట్టగోరెను. ప్రభువు ఆ పంచాయితీకి ఒప్పుకొనలేదు. ఎవరి పాలు ఎంతయో లెక్క తీయుటకు మారుగా, ఆ లెక్కవెనుక దాగియున్న ఆశను చూపుటకు ఒక ధనవంతుని కథ చెప్పెను.

ఆ ధనవంతుడు దొంగిలించెనని ప్రభువు చెప్పలేదు. కొలతలో మోసము చేసెననియు చెప్పలేదు. అతని భూమి బాగుగా పండెను, అంతే. అట్టివానిని మన గ్రామములో బుద్ధిమంతుడందుము. దేవుడు అతనిని వెఱ్ఱివాడనెను. ఎందుచేత? మూడు సంగతులు గమనించుదము.

మొదటిది, అతడు పంట నిచ్చినవానిని మరచెను. అతని మాటలలో పంట నాది, కొట్లు నావి, ధాన్యము నాది, ఆస్తి నాది, తుదకు ప్రాణమును నాదే. విత్తనము చల్లినవాడు అతడేయైనను, వాన కురిపించినవాడు అతడు కాడు. కోసినవారు కూలివారు. వారిలో నొక్కరి మాటయైనను అతని నోట రాలేదు. దేవుని పేరును రాలేదు. ఇల్లంతయు ధాన్యముతో నిండియున్నను, అతడు తనతో తానే మాటలాడుకొను ఒంటరివాడు.

రెండవది, ప్రాణమునకు ధాన్యము చాలుననుకొనెను. అనేక సంవత్సరములకు చాలునంత కూర్చితినని తన ప్రాణమునకు ధైర్యము చెప్పుకొనెను. ధాన్యమునకు సంవత్సరములు లెక్క కట్టినవాడు తన ఆయుస్సునకు ఒక్క రాత్రియైనను లెక్క కట్టలేకపోయెను. గాదెకు తాళము వేయవచ్చును గాని ఊపిరికి తాళము వేయజాలము.

మూడవది, అతడు పొరుగువానిని చూడలేదు. స్థలము చాలలేదని చింతపడెను గాని, ఖాళీ కుండలుగల ఇండ్లు ఆ ఊరిలో ఎన్ని యుండెనో విచారింపలేదు.

అట్లయిన దాచుకొనుట పాపమా? కాదు. చీమ వేసవిలో ఆహారము సిద్ధపరచుకొనుటను చూచి నేర్చుకొమ్మని సామెతల గ్రంథము చెప్పుచున్నది. యోసేపు ఐగుప్తులో ఏడు సంవత్సరములు ధాన్యము కూర్చెను. అతడును కొట్లు నింపినవాడే. భేదమెక్కడ? యోసేపు రాబోవు కరువులో జనులు బ్రదుకుటకు దాచెను. ఈ ధనవంతుడు తాను తిని త్రాగి సుఖించుటకు దాచెను. యోసేపు కొట్ల తలుపులు కరువు దినమున తెరువబడెను. ఇతని కొట్లు ఎవనికిని తెరువబడలేదు. కొట్టు పాపము కాదు. కొట్టును దేవుని స్థానమున కూర్చుండబెట్టుట పాపము.

మనలో కొందరు, “అయ్యా, మాకు సెంటు భూమియైనను లేదు. ఈ ఉపమానము భూస్వాములకును షావుకార్లకును చెప్పబడినది” అనుకొనవచ్చును. జాగ్రత్త, ప్రియులారా! ధనముగలవాడు ఉన్నదానియందు నమ్మిక యుంచినట్లే, లేనివాడు లేనిదానియందు నమ్మిక యుంచవచ్చును. ఎకరము భూమి యుండినయెడల నా బ్రదుకు బాగుపడునని, అది లేదు గనుక దేవుడు నన్ను విడిచెనని తలంచువాని హృదయములోను ఆ కొట్లే కట్టబడియున్నవి. కూతురి పెండ్లికి పొరుగువానికంటె ఘనముగా పందిరి వేయించి, వడ్డీకి అప్పు తెచ్చి, పది సంవత్సరములు ఆ అప్పు క్రింద నలుగుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. నలుగురిలో ఘనత అనునదియు ఒక కొట్టే.

ఇంకొక అపాయము కలదు. దేవునికి వెయ్యి యిచ్చిన పదివేలు తిరిగివచ్చునని నేడు బోధించువారున్నారు. అది దేవుని నమ్ముట కాదు, దేవుని వడ్డీకి తిప్పుట. అట్టివాడు కొట్టును విడిచి దేవునియొద్దకు రాలేదు. దేవునినే పెద్ద కొట్టుగా చేసికొనెను. 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చినప్పుడు, ప్రార్థన చేయువాని ఇల్లు, చేయనివాని ఇల్లు అని అది భేదము చూపలేదు. వేలకొలది ప్రాణములు పోయెను. భక్తుని పంట ఎన్నడును మునుగదని వాక్యము చెప్పుటలేదు. పొలములో పైరు లేకపోయినను, సాలలో పశువులు లేకపోయినను యెహోవాయందు సంతోషింతునని హబక్కూకు ప్రవక్త తీర్మానించుకొనెను. నమ్మిక యనగా అది.

ఇప్పుడు సారెపతు విధవరాలిని చూడుడి. ఆమెయొద్ద గుప్పెడు పిండి, కొంచెము నూనె మాత్రమే యున్నవి. తానును కుమారుడును ఒక పూట తిని చనిపోవుటకు పుల్లలు ఏరుకొనుచుండగా ఏలీయా వచ్చి, మొదట తనకొక చిన్న అప్పము చేసి తెమ్మనెను. ఆమె ఆ మాట నమ్మి అట్లు చేసెను. తరువాత ఆమె ఇంట కొట్లు నిండెనని వ్రాయబడలేదు. పిండి తక్కువ కాలేదనియు నూనె అయిపోలేదనియు మాత్రమే వ్రాయబడెను. అనగా ఆమె ప్రతి ఉదయమును ఆ తొట్టిలో చెయ్యి పెట్టవలసియుండెను. ప్రతి ఉదయమును నమ్మవలసియుండెను.

మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఇట్టి సాక్ష్యమొకటి కలదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు కలిగెను. ధాత కరువని పెద్దలు చెప్పుకొనునది ఇదియే. లక్షలాది జనులు నశించిరి. అప్పుడు ఒంగోలులో మిషనెరీగా నుండిన క్లౌ దొరగారు, బీదలకు పని దొరకవలెనని, కరువు పనిగా త్రవ్వబడుచుండిన బకింగ్‌హాము కాలువలో సుమారు 3½ మైళ్ల భాగమును గుత్తకు తీసికొనిరి. వేలకొలది జనులు అక్కడ మన్ను త్రవ్వి కూలి సంపాదించుకొనిరి. బోధకులు వారి మధ్య నుండి, విరామవేళలయందు సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. అయితే కూటికొరకు క్రీస్తును పట్టుకొనిరను మాట రాకూడదని, ఆ కాలమంతయు దొరగారు బాప్తిస్మములు నిలిపివేసిరి.

1878 మధ్యభాగమున సహాయపు పని ముగిసెను. ఇక పంచుటకు ధనము లేదు. అప్పుడు వచ్చిన జనులు తమ చేతుల బొబ్బలు చూపి, తాము అడుగవచ్చినది ధనము కాదనియు, రాబోవు పంటయు పోయి చనిపోవలసివచ్చినను క్రీస్తువారముగానే చనిపోవుదుమనియు తెలిపిరి. జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు తీసికొని ఆ పరిచర్య నెరవేర్చిరి.

ప్రియులారా, ఈ సంగతి ఊరక చదివి విడువకుడి. కూటికొరకు మతము పుచ్చుకొనిరను నింద మన పితరులమీద పలుమారు వేయబడినది. కూలి దొరకు దినములు గడచిన తరువాత ఆ నదిలో దిగిన వారే దానికి ప్రత్యుత్తరము. వారికి కొట్లు లేవు, రేపటి గంజికి పూచీ లేదు. వారి సంతతివారమైన మనలో కొందరికి నేడు పెంకుటిల్లు కలదు, డాబా కలదు, ఉద్యోగము కలదు, బ్యాంకులో లెక్క కలదు. దేవునికి స్తోత్రము! అయితే వారికున్న నమ్మిక మనకు కలదా? ఆ నిందకు వారు నదిలో నిలిచి ఉత్తరమిచ్చిరి. మనము మన బ్రదుకులో ఏ ఉత్తరము ఇచ్చుచున్నాము? ఈ ప్రశ్న మీకే కాదు, వ్రాయుచున్న మాకును చెందినదే.

కావున ఈ నెల మూడు చిన్న పనులు చేయుదము. అనేక సంఘములలో మన తల్లులు ఎసట్లో బియ్యము పోయకముందు గుప్పెడు తీసి దేవుని కుండలో వేయుచు వచ్చిరి. ఆ కుండ మన ఇంట మూలబడియున్నయెడల, కడిగి మరల పొయ్యి ప్రక్కన పెట్టుదము. సారెపతు విధవరాలి మొదటి అప్పము వంటిదే ఆ గుప్పెడు. రెండవది, మన పొలములో పనిచేసినవాని కూలి సాయంకాలమే ఇచ్చివేయుదము. మూడవది, పంట పోయిన పొరుగువాని ఇంటికి, అతడు అడుగకముందే, ఒక కుంచెడు గింజలతో వెళ్లుదము.

ప్రార్థించుదము: పరలోకమందున్న మా తండ్రీ, నిండిన గాదెయెదుట గర్వమునుండియు, ఖాళీ గాదెయెదుట భయమునుండియు మమ్మును తప్పించుము. ఏ రాత్రి మా ప్రాణము నడుగుదువో మాకు తెలియదు. ఆ రాత్రి మా చేతులు నీ చేతిలో నుండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.