హిమ్మత్ చేతి నీళ్లు

విశాఖ సీతమ్మధారలో గురుద్వారా జంక్షన్ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. ఇంజినీరింగ్ అయ్యాక ఒక ఫ్రెండ్‌తో మొదటిసారి ఆ గురుద్వారా లోపలికి వెళ్లాను. తలకి గుడ్డ కట్టుకుని, నేల మీద వరసలో కూర్చుని లంగర్‌లో రొట్టె, పప్పు తిన్నాం. చేతులు కడుక్కుంటుంటే తట్టింది: ఇక్కడ నన్నెవరూ ఇంటిపేరు అడగలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు మంచినీళ్ల కంటే ముందు ప్రశ్న వస్తుంది. "ఎవుల కుర్రోడివి బాబూ? ఇంటిపేరేటి?" ఆ ప్రశ్న ఎందుకో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు.

సిక్కు మగవాళ్ల పేర్లలో సింగ్, ఆడవాళ్ల పేర్లలో కౌర్ ఎందుకుంటాయో ఆ తర్వాత చదివాను. కులం చెప్పే పేరు పోవాలని. నేనూ నా ప్రొఫైల్స్‌లోంచి ఇంటిపేరు తీసేశాను. కొన్నాళ్లు గొప్పగానే అనిపించింది.

కానీ పేరు పోతే కులం పోతుందా? సిక్కుల్లోనే పోలేదు. సంధూ, గిల్ లాంటి పేర్లు సింగ్ పక్కన అలాగే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును 1956లో సవరించి దళిత సిక్కుల్ని పూర్తిగా అందులో చేర్చాల్సి వచ్చింది. అంటే అంత గట్టి ప్రయత్నం కూడా ఓడిపోయిందా? నేను చాన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు వేరేలా అనిపిస్తోంది. ఆ ప్రయత్నంలో సులువైన సగాన్నే మనం చూస్తున్నామేమో.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ తల ఇచ్చేదెవరని అడిగితే ఐదుగురు లేచారు. అందులో ఒకడు హిమ్మత్. మా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే వచ్చే పూరీ అతని ఊరని, నీళ్లు మోసే కులమని సంప్రదాయం చెబుతుంది. ఇంకొకడు సాహిబ్, తెలంగాణ పక్కనే ఉన్న బీదర్ నుంచి వచ్చిన మంగలి. గురువు ఇనుప గిన్నెలో నీళ్లు, చక్కెర కలిపి, కత్తితో తిప్పి ఐదుగురికీ అమృతం ఇచ్చాడు.

ఇక్కడితో ఆగితే ఇది పెద్దమనసు కథ. పెద్దమనసు మనకి కొత్తేం కాదు. కానీ ఆయన అక్కడ ఆగలేదు. అదే అమృతాన్ని తనకి ఇమ్మని ఆ ఐదుగురినే చేతులు జోడించి అడిగాడు. ఖత్రీ ఇంట పుట్టిన గురువు, నీళ్లు మోసేవాడి చేతి నీళ్లు తాగి, గోవింద్ రాయ్ నుంచి గోవింద్ సింగ్ అయ్యాడు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, వాళ్ల చేతుల మీదుగా వచ్చింది.

గ్రంథం సంగతీ అంతే. 1604లో గురు అర్జన్ కూర్చిన ఆదిగ్రంథంలో నేతపనివాడు కబీర్, చెప్పులు కుట్టే రవిదాస్, ముస్లిం సూఫీ ఫరీద్ మాటలున్నాయి. 1708లో, మన గోదావరి ఒడ్డునే ఎగువనున్న నాందేడ్‌లో, పదో గురువు తన తర్వాత గ్రంథమే గురువన్నాడు. అంటే దానిముందు వంగే ప్రతి తలా రవిదాస్ మాటల ముందు కూడా వంగుతుంది. పక్కన కూర్చోబెట్టుకోవడం ఒకటి, ఎదుట వంగడం ఇంకొకటి.

మా పొలం పనికొచ్చే పెద్దాయన గ్లాసు మా ఇంట్లో వేరుగా ఉండేది. అది తప్పని నేను పదో తరగతిలోనే వాదించాను. ఇంట్లోవాళ్లు ఒప్పుకుని గ్లాసు మార్చారు కూడా. కానీ ముప్పై దాటినా ఆయన ఇంట్లో నేను ఒక్కసారీ నీళ్లు తాగలేదు. ఇప్పించడం తెలిసింది గానీ పుచ్చుకోవడం తోచలేదు.

పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాను. "కూకోండి బాబూ" అని కుర్చీ తుడిచి వేశాడు. మంచినీళ్లు అడిగాను. ఆయన కాస్త తడబడి, మనవడి చెవిలో ఏదో చెప్పి పంపాడు. ఆ పిల్లాడు కొట్టుకి పరిగెత్తి, సీలు తీయని వాటర్ బాటిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇంటిపేరు నేను తీసేసుకున్నాను. ఆయనకి మాత్రం అది ఇంకా కనిపిస్తూనే ఉంది.