‘నేను’ అను పదము నిలుచు చోటు

ఒక మాటకు విలువ ఆ మాటలోనే యున్నదా, లేక అది నిలిచిన చోటునుండి దానికి సంక్రమించునా యను ప్రశ్న మన శాస్త్రకారులకు క్రొత్తది కాదు. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్నచో ఉప్పును, ప్రయాణమునకు సన్నద్ధుడై నిలిచినవాడు అదే మాట పలికినచో గుఱ్ఱమును తేవలెనని చెప్పు ఉదాహరణము ధర్మపురి, మంథని వంటి గోదావరీతీర విద్యాస్థానములలో శాస్త్రము చదివిన పెద్దలకు సుపరిచితమే. భర్తృహరి వాక్యపదీయము రెండవ కాండమున, పెక్కు అర్థములు గల శబ్దమునకు అర్థనిశ్చయము చేయు హేతువులను సంయోగము, విప్రయోగము, సాహచర్యము మొదలుకొని ప్రకరణము, దేశము, కాలము, స్వరము వఱకు వరుసగా పరిగణించెను. ఆ ప్రాచీనప్రశ్నయే యీనాడు యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు భాషలలో మఱల తలయెత్తినది; అచట దానికి లభించిన సమాధానము ఆత్మవిచారము చేయువారికిని పనికివచ్చునని నా దృఢవిశ్వాసము.

2014లో హాషికార్ప్ అను సంస్థ వెలువరించిన టెర్రాఫామ్ అను సాధనము సర్వర్లను, నెట్‌వర్కులను, డేటాబేసులను ఒక్కొక్కటిగా చేతితో అమర్చుకొను శ్రమను తప్పించి, అవి యెట్లుండవలెనో వ్రాతలో ప్రకటించినచో ఆ వ్రాతకు తగినట్లు వానిని కల్పించును. బాసరలో జ్ఞానసరస్వతీసన్నిధిని పసిపిల్లలకు అక్షరాభ్యాసము చేయింతురు. ఆ యూరనే 2008లో నెలకొన్న ట్రిపుల్ ఐటీలో పల్లెల బిడ్డలు పదవ తరగతి ముగించి వచ్చి కంప్యూటరు విద్య నేర్తురు. వారికి రేపు ఉద్యోగములలో ఎదురుకాగల భాషలలో ఈ టెర్రాఫామ్ భాష యొకటి. దీనిని కేవలము కూటివిద్యగా నేర్చి విడిచిపెట్టుట నష్టమని నాకు తోచును. ఏలనన దీని గర్భమున తర్కశాస్త్రమంతయు కదలాడుచున్నది.

ఈ భాషలో ఒక ఎక్స్‌ప్రెషన్‌కు విలువ కట్టు క్రమము గమనింపదగినది. ముందుగా ఆ వాక్యాంశమును చదివి, అది ఏయే పేర్లను కోరుచున్నదో గుర్తింతురు, పిమ్మట ఆ పేర్లకు మాత్రమే, ఆ వాక్యాంశము నిలిచిన పరిధిలో చెల్లు విలువలను సమకూర్తురు, అటుపిమ్మటనే లెక్క. శాబ్దబోధమునకు ఆకాంక్ష, అనగా పదము మఱొక పదమును కోరుట, కారణమని మనవారు చెప్పిన దానికిది దూరము కాదు. ప్రతి మాడ్యూలునకు, అనగా వ్రాతలో వేఱుపఱచిన ప్రతి భాగమునకు, తనదైన పరిధి యుండుటచే, రీజియన్ అను ఒకే పేరు ఒక మాడ్యూలున ముంబయిని, వేఱొకదానియందు హైదరాబాదును తెలుపవచ్చును. రెండును సత్యములే, పరస్పరవిరుద్ధములు కావు. పిలిచిన మాడ్యూలు తాను పిలిచినదాని లోపలి పేర్లను చూడజాలదు. అది అవుట్‌పుట్ అని వెలికి ప్రకటించినదానినే గ్రహించును. పాణినియు ఇట్లే తన వ్యాకరణమున అంగాధికారమను ప్రకరణమును ఆఱవ అధ్యాయపు నాలుగవ పాదమున ఆరంభించి ఏడవ అధ్యాయాంతము వఱకు వ్యాపింపజేసి, దాని లోపలి సూత్రములన్నింటిని ఆ యొక్క శీర్షికకు లోబఱచెను. కడపటి మూడు పాదములలో జరిగిన కార్యము వానికి ముందున్న శాస్త్రమునకు జరుగనట్లే యగునని నియమించెను. కనబడుటకును కనబడకుండుటకును హద్దులు గీయుట వ్యాకరణమున ఎంత ప్రాణభూతమైన పనియో యిందువలన స్పష్టము.

అయితే నన్ను మిక్కిలి ఆకర్షించినది మఱియొకటి. టెర్రాఫామ్ నిర్మాణమునకు ముందు ప్రణాళికను చూపునప్పుడు, కొన్ని విలువలు అప్లై, అనగా నిర్మాణము, జరిగిన పిమ్మటగాని తెలియవని విస్పష్టముగా వ్రాయును. పుట్టబోవు సర్వరు చిరునామా అట్టిది. ఆ తెలియనిదానిని శూన్యముగా లెక్కింపదు. నల్ అనగా లేమి, అన్‌నోన్ అనగా ఇంకను తెలియకుండుట, ఈ రెంటికిని ఎన్నడును సాంకర్యము లేదు. తెలియనిదానితో సంఖ్యను కూడినచో వచ్చునదియు తెలియనిదే. ఒక్కొక్కచో విలువ తెలియకున్నను దాని జాతి తెలియును: అది అక్షరముల వరుసయని యెఱుగుదురు, ఏ అక్షరములో యెఱుగరు. కాలమును చెప్పు టైమ్‌స్టాంప్ ఫంక్షన్ సయితము ప్రణాళికాసమయమున గడియారమును చూచి బదులీయదు, తెలియదనియే చెప్పును. ఇప్పుడు చెప్పిన గడియ అప్పటికి అసత్యమగును గదా!

నైయాయికులు అభావమును ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని నాలుగు విధములుగా విభజించి, లేమియు ఒక పదార్థమే యని సిద్ధాంతీకరించినది అజ్ఞానమును లేమిగా భ్రమింపకుండుటకే యని నేను తలంతును. ఈశ్వరవిషయమున మన వాదములు పెక్కు ఈ భేదమును మఱచి చెడుచున్నవి. కనబడలేదు కావున లేడనువాడును, లేడని నీవు నిరూపింపలేదు కావున కలడనువాడును ఒకే దోషమునకు లోనైనవారు. ఇరువురును అన్‌నోన్ అని వ్రాయవలసిన తావున తమకు నచ్చిన విలువను వ్రాసికొనిరి. తెలియదను మాటను తుదివఱకు నిజాయితీతో మోసికొనిపోవుట భక్తికి విరోధమని నేను భావింపను. పైగా అదియే భక్తికి గట్టి పునాది.

ఇక ‘సెల్ఫ్’ అను పదము. ఈ భాషలో ఒక వస్తువు తన్ను గూర్చి తాను చెప్పుకొనుటకు ఆ పదము కలదు గాని, దానిని ఎల్లెడల వాడరాదు. వస్తువును నిర్వచించు వాక్యములలో ఆ వస్తువునే ప్రస్తావించినచో సాధనము దోషమని నిలుపును; రెండు వస్తువులు ఒకదానిపై నొకటి ఆధారపడినను, మూడు నాలుగు చుట్టుగా తిరిగి మొదటికి వచ్చినను అట్లే నిలుపును. ఆత్మాశ్రయము, అన్యోన్యాశ్రయము, చక్రకము అని తార్కికులు పేర్లు పెట్టిన దోషములే యివి. ఇంత సూటిగా అవి వేఱొకచోట నాకు కనబడలేదు. సెల్ఫ్ చెల్లునది వస్తువు పుట్టిన పిమ్మట నడచు ప్రొవిజనరులను ఆజ్ఞలందును, పుట్టినదానిని పరీక్షించు నిబంధనలందును, అట్టి మఱికొన్ని తావులందును మాత్రమే. అనగా ‘నేను’ అనునది తన పుట్టుకకు తాను కారణము కాజాలదు. ఇతరములనుండి పుట్టినదై, ఆ పిమ్మట పలుకదగిన మాట.

ఈ సత్యమును ఆదిలాబాదు గోండులు ఏ యంత్రమును ఎఱుగని కాలముననే జీవితముగా మలచుకొనిరి. మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ 1948లో ప్రకటించిన గ్రంథమున వారి సగల వ్యవస్థను సవిస్తరముగా వర్ణించెను. నాలుగు, ఐదు, ఆఱు, ఏడు అని సంఖ్యలతో చెప్పబడు ఆ సగలలో ఒకే సగకు చెందినవారు, మున్నెన్నడు ముఖము చూచి యెఱుగనివారైనను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారి నడుమ పెండ్లి నిషిద్ధము. పొరుగూరినుండి వచ్చిన యువకుడు ఒక యింటి బిడ్డకు అన్నయో, వరుడు కాదగినవాడో అతని ముఖము చెప్పదు, సగ చెప్పును. ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరులో పుష్యమాసపు అమావాస్యనాడు ఆరంభమగు నాగోబా జాతరలో మెస్రం వంశీయుల కొత్త కోడలిని దేవుని సన్నిధిని పరిచయము చేయు భేటింగ్ అను ఆచారము కలదు. ఆ పరిచయము జరిగిన పిమ్మటనే ఆమెకు ఆ వంశపు పూజలలో పాలు లభించును. నేనీ యింటిదాననని ఆమె తనంత తాను ప్రకటించుకొనుటచే ఆ మాట చెల్లదు. పెద్దలును దేవుడును ఆమెకు చోటు చూపినందున చెల్లును.

ఇచట అద్వైతి యొక ఆక్షేపణ తెచ్చును: పరిధి యనగా ఉపాధియే గదా, ఘటము పగిలినచో ఘటాకాశము మహాకాశమే యగును గదా, అట్టి హద్దులను ఇంతగా కొనియాడుట బంధమును కొనియాడుట కాదా యని. ఆ ఆక్షేపణకు నేను తలవంచియే బదులు చెప్పుదును. పరమార్థమున ఏమి మిగులునో చెప్పుటకు నాకు అధికారము లేదు. కాని శంకరులు సయితము వ్యవహారదశలో ప్రమాణప్రమేయవ్యవహారమును త్రోసివేయలేదు. వ్యవహారమున పరిధి అర్థమును కప్పు తెర కాదు, అర్థమునకు జన్మస్థానము.

టెర్రాఫామ్‌లో వస్తువును నశింపజేయు వేళ నడచు ప్రొవిజనరున కొక కఠినమైన నియమము కలదు: అచట సెల్ఫ్ తప్ప, తన వరుససంఖ్యయు తన కీ పేరును తప్ప, ఇతరవస్తువుల పేర్లేవియు చెల్లవు; ఏలనన అవి అప్పటికే నశించి యుండవచ్చును, నాశక్రమమున మరల చక్రకము పుట్టవచ్చును. ఉపాధులన్నియు రాలి ఆత్మ యొక్కటే నిలిచినదని అద్వైతి దీనిని చూచి సంతసింపవచ్చును. అయినను ఆ సెల్ఫ్‌ను తెఱచి చూచినచో అందలి పేరు, చిరునామా, ఏ నెట్‌వర్కున చేరినదో తెలుపు గుర్తు, ఇవన్నియు నిర్మాణకాలమున ఇతరవస్తువులనుండియు, పిలిచిన మాడ్యూలునుండియు, ఆశ్రయమిచ్చిన క్లౌడునుండియు వచ్చి చేరినవే. ఆ యితరములు నశించిన పిమ్మట సయితము అవి యిచ్చిన విలువలను సెల్ఫ్ తనయందు నిలుపుకొనియే యున్నది.